కత్తిపీటా... చాకా... తాడు డబ్బానా?
పచ్చి ముక్కలు తరిగే పనిముట్టును చూసి ఎంచుకోవాలి

అంబాజీపేట: కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లినవారు ఏకాదశ రుద్రుల ప్రభలకు దణ్ణం పెట్టుకుని, జీళ్లు, ఖర్జూరం పొట్లం కట్టించుకోవడం పరిపాటి. అది అయ్యాక ఆడవాళ్ల చూపు ఇనప సామాను కొట్ల వైపు మళ్లుతుంది. గోనెపట్టా మీద వరసగా కత్తిపీటలు, అట్లకాడలు, కొడవళ్లు పేర్చి ఉంటాయి. పెద్దవయసు ఆడవాళ్లు కత్తిపీటను చేతితో పట్టుకు చూసి ఊరుకోరు. నేల మీద పెట్టించి, పీట మీద కాలు వేసి, అక్కడే కూర్చుని మరీ చూస్తారు. పక్కన నిలబడ్డ కోడళ్లకు అది కాస్త సిగ్గుగానే ఉంటుంది.

ఇటీవలి సంవత్సరాలలో ఆ కొట్ల పక్కనే ఇంకో గుంపు కనిపిస్తోంది. ఒకాయన ప్లాస్టిక్ డబ్బాలో ఉల్లిపాయ వేసి మూత బిగిస్తాడు. మూతకున్న తాడును గబగబా నాలుగుసార్లు లాగుతాడు. మూత తీస్తే ఉల్లిపాయ సన్నని ముక్కలై ఉంటుంది. కంట నీరు లేదు, వేలు తెగే భయం లేదు. చూసినవారు కొనకుండా వెళ్లడం కష్టమే. ఈ విలేకరి ఇంటికి కూడా అలాగే ఒక డబ్బా వచ్చింది.

కూరగాయలు తరగడానికి ఏ పనిముట్టు వాడితే ఏమిటి, ఇదీ ఒక వార్తేనా అని నవ్వేవారు లేకపోలేదు. మా ఇంట్లో జరిగింది చెబితే నవ్వు ఆగుతుంది.

డబ్బా తెచ్చిన తంటా

మా అమ్మకు కొన్నేళ్లుగా చక్కెర వ్యాధి ఉంది. అన్నం తగ్గించి, భోజనానికి ముందు కీరా, టమాటా, క్యారెట్, ఉల్లి వంటి పచ్చి ముక్కలు ఒక గిన్నెడు తినమని డాక్టరు చెప్పారు. పట్నంలో దీన్నే సలాడ్ అంటున్నారు. ఇది ఒక్క చక్కెర రోగులకే చెప్పే మాట కూడా కాదు. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, 2024లో విడుదల చేసిన ఆహార సూచనలలో పెద్దవారి రోజువారీ పళ్లెంలో 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలని చెప్పింది. వండినవీ పచ్చివీ కలిపే ఈ లెక్క. మన పల్లెల్లో పెరట్లో కాసిన దోసకాయలు సంచులతో పట్నానికి వెళతాయి గానీ, తరిగి ముందు పెట్టేవారు లేక ఇంట్లోవాళ్లే తినరు.

అమ్మ నెలరోజుల పాటు ముక్కలు బాగానే తింది. తన కత్తిపీట ముందేసుకుని, తనే తరుక్కునేది. ఆ తర్వాత మోకాళ్లు మొరాయించాయి. కింద కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. కత్తిపీట మీద ఇక కూర్చోవద్దని ఈ విలేకరే గట్టిగా చెప్పి, దాన్ని తీసి అటక మీద పెట్టేశాడు. ఆమెను ఒక్క మాట అడగలేదు. తీర్థంలో కొన్న తాడు డబ్బాతో మా ఆవిడ ముక్కలు చేసి పెట్టడం మొదలుపెట్టింది.

మొదటి రోజు అమ్మ గిన్నెలోకి చూసి, "ఇదేంట్రా, దోసకాయ పచ్చడా?" అంది. నిజమే. ఉల్లి బాగానే తెగింది. క్యారెట్ కొంత గులకరాళ్లలా, కొంత పొడిలా వచ్చింది. టమాటా, కీరా మాత్రం నీళ్లు కారిపోయాయి. పైగా ఉప్పు ముందే కలిపారేమో, తినే వేళకు గిన్నెలో సగం నీళ్లే. రెండు రోజులు మొహమాటానికి తింది. మూడో రోజు నుంచి గిన్నె అలాగే ఉండిపోయేది. ఇంట్లో ఎవరూ అంతగా పట్టించుకోలేదు. మూడు నెలల తర్వాత రక్తపరీక్ష చేయిస్తే చక్కెర మళ్లీ పెరిగింది. డాక్టరు అడిగితే అమ్మ ఒకటే చెప్పింది: "ముక్కలు మానేశానండి, నమలడానికి అందులో ఏమీ ఉండటం లేదు."

అప్పటి నుంచి ఈ విలేకరి కనిపించిన కొలిమినల్లా, కొట్టునల్లా, వంటింటినల్లా అడిగి తెలుసుకున్నదీ, ఇంట్లో స్వయంగా చేసి చూసినదీ ఈ కింద రాస్తున్నాను.

కత్తి కదలదు, కాయ కదులుతుంది

కత్తిపీటను కొన్ని ప్రాంతాలలో ఈలపీట అని కూడా అంటారు. దీనిలో కత్తి కదలకుండా నిలబడి ఉంటుంది, రెండు చేతులతో కాయను పట్టుకుని దాని మీదకు తోస్తాం. పీటను కాలు నొక్కి పట్టుకుంటుంది. అందువల్ల గుమ్మడికాయ, పనసకాయ వంటి పెద్దవాటికీ, ఆకుకూరల వంటి చిన్నవాటికీ ఇది ఒక్కటే చాలు. కోనసీమలో కత్తి కొనకు కొబ్బరి కోరే పళ్లు కూడా ఉంటే మరీ మంచిదంటారు. అయితే కింద కూర్చోగలవారికే ఇది సుఖం. గట్టు మీద పెట్టుకుని నిలబడి తరుగుదామంటే పీటను తొక్కిపట్టే కాలు అక్కడ ఉండదు గదా! పీట జారుతుంది, చేయి తెగుతుంది. గట్టు అంచుకు మరతో బిగించే రకం కత్తిపీటలు దొరుకుతున్నాయి. నిలబడే తరగాలనుకునేవారు అవే చూసుకోవాలి, మామూలు పీటను గట్టెక్కించరాదు.

కొనేటప్పుడు ముందు పీటను చూడాలి, కత్తిని కాదు. సమంగా ఉన్న నేల మీద పెట్టి నాలుగు మూలలా నొక్కితే ఎటూ ఊగకూడదు. పీట బరువుగా ఉండాలి. తుమ్మ చెక్క అయితే బరువుకు బరువు, మన్నికకు మన్నిక. రంగు పూసిన చెక్కను నమ్మడానికి లేదు, పగుళ్లు రంగు కింద దాగి ఉండవచ్చు. తర్వాత కత్తి వీపును, అంటే మొద్దు వైపును, రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదపాలి. ఏమాత్రం కదిలినా ఆ పీట వద్దు. పీటను తిరగేసి చూస్తే కత్తి తోక కిందివరకు దిగి, వంచి కొట్టి ఉందా, లేక పైపైన మేకులతో నిలబెట్టారా అన్నది తెలిసిపోతుంది.

పదును చూడటానికి బొటనవేలు పెట్టడం మనవారికి అలవాటు. అది మానుకోవాలి. తీర్థానికి వెళ్లేటప్పుడు సంచిలో ఒక పండు టమాటా వేసుకు వెళితే చాలు. మంచి కత్తి మీద టమాటాను నొక్కకుండా ఊరికే జరిపినా తొక్క తెగుతుంది. తొక్క లోపలికి సొట్టపడి ఆ తర్వాత తెగితే కత్తి మొద్దుదన్నమాట. టమాటా లేనినాడు కత్తి అంచును ఎండకు పెట్టి చూడవచ్చు. పదునైన అంచు మీద వెలుగు నిలవదు, మొద్దుబారిన చోట, నొక్కులు పడిన చోట చుక్కలు చుక్కలుగా మెరుస్తుంది.

ఇనుమా, స్టీలా?

పల్లె కొలిమిలో చేసే కత్తికి లారీ కమాను పట్టీ ఇనుమును ఎక్కువగా వాడతారు. దాన్ని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, మళ్లీ కాల్చి నీళ్లలో ముంచుతారు. ఆ ముంచడంలోనే అంతా ఉంది. సరిగా ముంచిన కత్తి గట్టిపడి పదును పట్టుకుంటుంది. దీనికి ఉన్న లోపం తుప్పు. పైగా పచ్చిమామిడి, నిమ్మ, చింతకాయ వంటి పులుపు తగిలితే కత్తీ నల్లబడుతుంది, ముక్కలూ నల్లబడతాయి. వంకాయ ముక్కలు గాలికే నల్లబడతాయి, ఇనప కత్తితో కోస్తే మరింత త్వరగా. అందుకే మన పెద్దలు వాటిని ఉప్పు నీళ్లలో వేసేవారు.

స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం పదిన్నర శాతం క్రోమియం అనే లోహం కలుస్తుంది. దానివల్లనే తుప్పు పట్టదు, పులుపుకు నల్లబడదు. పచ్చి ముక్కలకు నిమ్మరసం పిండుకునే ఇంటికి ఇదే మేలు. కానీ బజారులో చవకగా అమ్మే పల్చటి స్టీలు కత్తులు త్వరగా మొద్దుబారతాయి, నొక్కితే వంగుతాయి. రోజూ తుడిచి పెట్టుకునే ఓపిక ఉన్నవారికి కొలిమి కత్తి, లేనివారికి కాస్త మందం గల స్టీలు కత్తి అని ఈ విలేకరి అభిప్రాయం. కొలిమి కత్తిని వాడిన వెంటనే కడిగి, పొడి గుడ్డతో తుడిచి, ఒక చుక్క కొబ్బరి నూనె రాస్తే తుప్పు దగ్గరకు రాదు. కొబ్బరి నూనెకు కోనసీమలో కరువు లేదు.

సానబెట్టించేటప్పుడు కూడా ఒక కన్ను వేసి ఉంచాలి. సైకిల్ చక్రం సాన మీద గట్టిగా అదిమిపట్టి నిప్పురవ్వలు ఎగిరేలా తిప్పితే చూడటానికి వేడుకగా ఉంటుంది. కానీ అంచు వేడెక్కి నీలిరంగుకు తిరిగిందంటే కొలిమిలో పట్టిన గట్టిదనం పోయినట్లే, ఆ కత్తి నాలుగు రోజులకే మొద్దుబారుతుంది. మధ్య మధ్య నీళ్లలో ముంచుతూ సానబెట్టమని అడగడం మన హక్కు. ఇంట్లో అత్యవసరానికి పింగాణీ కప్పును బోర్లించి, అడుగున గరుకుగా ఉండే అంచు మీద కత్తిని ఏటవాలుగా పదిసార్లు తోస్తే టమాటా తెగేంత పదును వస్తుంది. ఇది చేసి చూసిన మాట.

మొద్దు కత్తి ప్రమాదం తక్కువ అనుకోవడం పొరపాటు. మొద్దు కత్తి మీద బలం ఎక్కువ పెట్టాలి, బలం పెట్టినప్పుడు కాయ జారితే చేయి వెళ్లేది కత్తి మీదకే. ఉల్లి కోసేటప్పుడు కళ్లు మండటానికి కూడా మొద్దు కత్తి కొంత కారణం. అది ఉల్లిపొరను కోయక నలుపుతుంది, నలిగిన కొద్దీ కంటిని మండించే ఘాటు ఎక్కువగా బయటకు వస్తుంది.

చాకు, చెక్క

చాకుతో పద్ధతి తిరగబడుతుంది. కాయ కదలదు, కత్తి కదులుతుంది. అందుకే కత్తిపీటకు అలవాటుపడ్డ చేతులు చాకు పట్టగానే తడబడతాయి. మా ఆవిడ మొదటి వారంలోనే రెండుసార్లు వేలు కోసుకుంది. కాయను పట్టుకున్న చేతి మునివేళ్లను లోపలికి ముడుచుకోవాలని, చాకు పక్కభాగం వేలి కణుపుకు ఆనుతూ నడవాలని తెలిశాక మళ్లీ తెగలేదు.

పచ్చి ముక్కలకు అయిదారు అంగుళాల చాకు చాలు. పిడిలోపలికి కత్తి తోక పూర్తిగా వెళ్లి, మేకులతో బిగించినది చూసుకోవాలి. పొట్టి తోకను ప్లాస్టిక్ పిడిలో ఇరికించినవి కొన్నాళ్లకు ఊడి చేతికి వస్తాయి. ఇక రంపపు పళ్ల చిన్న చాకు ఒకటి ప్రతి కిరాణా కొట్టులో దొరుకుతుంది. దాన్ని చూసి చులకన చేయరాదు. టమాటాను అంత చక్కగా కోసేది మరొకటి లేదు. పళ్లు అరిగితే సానకు లొంగదు, మార్చుకోవడమే.

చాకుకు తోడు చెక్క ఉండాలి. పళ్లెంలో పెట్టి కోస్తే చాకు పదును ఒక్క రోజులో పోతుంది. చెక్క జారకుండా దాని కింద తడిగుడ్డ ఒకటి పరిస్తే చాలు. ఖర్చు లేని ఈ ఉపాయం చాలామందికి తెలియదు. మాంసం కొట్ల వాళ్లు వాడే చింత మొద్దు గట్టిదే అయినా ఇంటికి అంత అవసరం లేదు. నునుపుగా, పగుళ్లు లేకుండా ఉంటే ఏ గట్టి చెక్క అయినా సరే.

చేపలు కోసిన కత్తితోనేనా?

ఇది మాత్రం గట్టిగా చెప్పవలసిన మాట. మన వైపు చాలా ఇళ్లలో కత్తిపీట ఒక్కటే ఉంటుంది. దాని మీదే ఉదయం చేపలు, రొయ్యలు బాగు చేసి, నీళ్లు పోసి కడిగి, మధ్యాహ్నం కూరలు తరుగుతారు. కూర ఉడుకుతుంది కాబట్టి ఇన్నాళ్లూ పెద్దగా ముప్పు రాలేదు. పచ్చి ముక్కల సంగతి అలా కాదు. వాటికి పొయ్యి సెగ తగలదు. చేప, మాంసం మీది క్రిములు కత్తి సందుల్లో, పీట పగుళ్లలో ఉండిపోయి నేరుగా కడుపులోకి పోతాయి. పచ్చి మాంసాన్ని ఇతర ఆహారానికి దూరంగా ఉంచి, వాటికి వేరు కత్తులు, వేరు చెక్కలు వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ప్రచారానికి పెట్టిన అయిదు ఆహార సూత్రాలలో ఒకటి చెబుతోంది.

రెండు కత్తిపీటలు కొనే స్తోమత లేకపోతే పచ్చి ముక్కలకు చిన్న చాకు ఒకటి విడిగా పెట్టుకోవచ్చు. అదీ లేదంటే కూరగాయలు ముందు, చేపలు తర్వాత. చివర సబ్బు, వేడినీళ్లు, ఎండ. కాయలను కూడా తరిగాక కాదు, తరగకముందే కడగాలి. తొక్క మీది మట్టి కత్తితో పాటు లోపలికి దిగుతుంది.

వేలు తెగితే పసుపు అద్ది ఊరుకోవడం మన అలవాటు. ధారగా పడే నీళ్లతో, సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టాలి. ధనుర్వాతం క్రిములు మట్టిలోనే ఉంటాయి, నేల మీద దొర్లే కత్తిపీటకు మట్టి అంటకుండా ఉండదు. లోతుగా తెగితే ఆరోగ్య కేంద్రానికి వెళ్లి ఇంజక్షన్ సంగతి అడగడం మంచిది.

డబ్బాకూ ఒక చోటుంది

తాడు డబ్బాను తిట్టి పారేయడం కూడా న్యాయం కాదు. పదిమందికి ఉప్మా చేయాలంటే ఉల్లి, పచ్చిమిర్చి, అల్లం దానిలో రెండు నిమిషాల పని. చూపు మందగించినవారికి చాకు కంటే భయం తక్కువ. కాయను నాలుగు చెక్కలు చేసి, డబ్బా సగానికి మించకుండా వేసి, మూడు నాలుగు లాగులతో ఆపాలి. ఇంకా లాగితే ముద్దే. క్యాబేజీ, క్యారెట్ సరే, టమాటా, కీరా వద్దు. బ్లేడ్లు సానకు రావు. తాడు మూతలోని స్ప్రింగుకు చుట్టుకుని ఉంటుంది కాబట్టి మూతను నీళ్లలో నానబెట్టరాదు. లోపలి బ్లేడు చాలా పదును. కడిగేటప్పుడు నడుమ ఉండే ప్లాస్టిక్ కాడను పట్టుకోవాలి. మా డబ్బా తాడు ఏడో నెలలో తెగింది. అమ్మినతను మళ్లీ తీర్థంలో గానీ కనబడడు.

పలక మీద కాయను తోసి పల్చటి చక్రాలు తీసే స్లైసర్ కూడా వస్తోంది. కీరా చక్రాలు అందంగా వస్తాయి. కాయ చివరికి వచ్చేసరికి వేలి కొనలు పోతాయి. కాయను గుచ్చి పట్టే పిడి ఇవ్వని స్లైసర్‌ను ఉచితంగా ఇచ్చినా ఇంటికి తేవద్దు.

పనయ్యాక కత్తిపీటను నిలబెట్టి ఉంచడం అన్నిటికన్నా పెద్ద తప్పు. పసిపిల్లలు పరుగెత్తుకు వచ్చి పడేది దాని మీదే. పక్కకు పడుకోబెట్టి, పదును గోడవైపు తిప్పి, మూలన పెట్టాలి. పసివాళ్లున్న ఇంటికి మడత కత్తిపీట మంచిది, మడత కీలు వదులైందేమో నెలకోసారి చూసుకుంటూ ఉండాలి.

చివరకు అమ్మనే అడిగాం

డాక్టరు దగ్గర నుంచి వచ్చిన రాత్రి ఈ విలేకరి చేయవలసిన పని అప్పటికి చేశాడు. "అమ్మా, నీకు ఎలా ఉంటే వీలు?" అని అడిగాడు. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కత్తిపీట తీసేసినందుకు కాదురా నా బాధ. నా ముక్కలు నేను తరుక్కోలేనని మీరే అనేసుకున్నారు" అంది.

మర్నాడు చేతుల కుర్చీ ఒకటి, దాని ముందు మోచేతులకు కాస్త దిగువగా ఉండే చిన్న బల్ల ఒకటి వేశాం. తడిగుడ్డ మీద చెక్క, రంపపు పళ్ల చాకు. మొదట్లో ఒక్కో కీరాకు పావుగంట పట్టేది. ముక్కలు ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. ఆమె అవే తినేది. ఉప్పు, నిమ్మరసం తినే ముందు మాత్రమే కలుపుతోంది, నీరు కారడం లేదు. మా అమ్మాయి స్కూలు నుంచి రాగానే నాయనమ్మ బల్ల దగ్గర చేరి గిన్నె సగం ఖాళీ చేస్తోంది. తర్వాతి రక్తపరీక్షలో చక్కెర కొంత దిగింది. డాక్టరు మందు కూడా మార్చారు కాబట్టి ఘనత అంతా చాకుదేనని రాయలేను.

పాత కత్తిపీట అటక దిగింది. ఇప్పుడది మా ఆవిడ చేతికింద ఉంది. ఏళ్ల తరబడి సానబెట్టి కత్తి సగం వెడల్పుకు అరిగిపోయింది. వచ్చే కనుమకు జగ్గన్నతోటలో కొత్తది కొనాలని అత్తాకోడళ్లు ఇద్దరూ అనుకుంటున్నారు. ఎంచేది మాత్రం తనేనని అమ్మ ముందే చెప్పింది. కూర్చుని చూడటం కోడలి వంతట. ఈ విలేకరి వంతు టమాటా మోయడం.